పెన్సిలు ఆగినంతసేపు

డిగ్రీ చివరి ఏడాదిలో మేము ఒక లఘుచిత్రం తీయవలసి ఉండేది. నలుగురేసి విద్యార్థులు జట్టుగా కలిసి పది నిమిషాలకు మించని చిత్రం ఒకటి తీయాలి. అది పూర్తయ్యాక, దాన్ని అలాగే ఎందుకు తీయవలసి వచ్చిందో వివరిస్తూ ఎవరికి వారు విడిగా ఒక వ్యాసం రాసి ఇవ్వాలి. మార్కులు రెండింటికీ సమానం. చిత్రం మీద ఉన్న ఉత్సాహం వ్యాసం మీద ఎవరికీ ఉండేది కాదు. కెమెరా చేతికి వచ్చే రోజు కోసం ఏళ్లుగా ఎదురుచూసిన వయసు అది. అయితే ఇన్నేళ్ల తరువాత తలుచుకుంటే, చిత్రీకరణ జరిగిన రోజులూ, ఎడిటింగ్ గదిలో గడిపిన రాత్రులూ, ఆ వ్యాసం రాస్తూ కూర్చున్న గంటలూ నా మనసులో విడివిడిగా లేవు. ఒకే ప్రశ్న చుట్టూ అవన్నీ అల్లుకుపోయి ఉన్నాయి. ఒక దృశ్యాన్ని తెర మీద ఎంతసేపు ఉంచాలి అన్నదే ఆ ప్రశ్న.

దాన్ని మా బుర్రల్లో నాటింది మా మాస్టారు. సినిమా చరిత్ర పాఠం మొదలుపెట్టిన రోజున ఆయన మా చేత తేదీలు వల్లె వేయించలేదు. 1895 డిసెంబరు 28న ప్యారిస్‌లోని ఒక కేఫ్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి ప్రేక్షకులకు చూపించిన పది చిత్రాల్లో ఏ ఒక్కటీ నిమిషం దాటలేదని చెప్పి, ఎందుకు దాటలేదో ఆలోచించమన్నారు. మేము కళాత్మకమైన కారణాలు ఎన్నో చెప్పాము. అసలు కారణం చాలా సాదాసీదాది. వారి యంత్రంలో పట్టే ఫిల్ము పొడవు సుమారు 17 మీటర్లు; సెకనుకు 16 ఫ్రేములకు, అంటే 16 విడి బొమ్మలకు, కాస్త అటూ ఇటూగా చేత్తో తిప్పితే అది నిమిషంలోపే అయిపోయేది. ఆ తరువాతి కాలంలో 35 మిల్లీమీటర్ల కెమెరాకు వెయ్యి అడుగుల ఫిల్ము ఎక్కించినా, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో అది 11 నిమిషాలకే ముగిసేది. షాట్ ఎక్కడో ఒకచోట ఆగక తప్పదన్న సంగతిని దర్శకుడు మరిచిపోయినా యంత్రం గుర్తు చేసేదన్నమాట. మీ చేతుల్లో ఉన్న డిజిటల్ కెమెరాకు ఆ హద్దు దాదాపుగా లేదు కాబట్టి, ఎక్కడ ఆపాలో తెలుసుకునే బాధ్యత మొత్తం మీ మీదే పడిందని ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. ఆ గంటలో నేను రాసుకున్న నోట్సు మరే పాఠానికీ రాసుకోలేదు.

మా కథ చాలా చిన్నది. అచ్చాఫీసులో జీవితమంతా ప్రూఫులు దిద్ది, పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు ఉంటారు. ఉద్యోగం వదిలినా అలవాటు ఆయనను వదలలేదు. ప్రతి ఉదయం దినపత్రిక ముందేసుకుని, పెన్సిలు చెక్కుకుని, అందులోని అచ్చుతప్పులన్నీ ఓపికగా దిద్దుతారు. దిద్దిన పత్రికను మడిచి పాత పత్రికల దొంతర మీద పెడతారు తప్ప ఎవరికీ చూపించరు. ఇంట్లో ఆయనకు తోడు మనవరాలు ఒక్కతే. పై చదువు కోసం ఊరు విడిచి వెళ్లే రోజున ఆ అమ్మాయి, ఎదురుగా నిలబడి చెప్పలేని మాటలను ఒక ఉత్తరంగా రాసి బల్ల మీద పెట్టి బయలుదేరుతుంది. ఆ ఉత్తరంలో ఒక అక్షరదోషం ఉంటుంది. పెద్దాయన అలవాటు కొద్దీ పెన్సిలు అందుకుంటారు. స్క్రిప్టులో చివరి ఘట్టం ఇలా ఉండేది: "పెన్సిలు తీస్తారు. ఉత్తరం మీదికి తెస్తారు. దిద్దరు." ఆ మూడు వాక్యాలను చదవడానికి ఎంతసేపో పట్టదు. కానీ అంతకుముందు గడిచిన ఏడెనిమిది నిమిషాలూ వాటి కోసమే ఉన్నాయి. ఆ ఘట్టం నిలబడకపోతే చిత్రమే లేదని మా నలుగురికీ మొదటి నుంచీ తెలుసు.

ప్రూఫులు దిద్దే పని గురించి మాలో ఎవరికీ ఏమీ తెలియదు. పరిచయస్తుల ద్వారా ఒక పెద్దమనిషి దొరికారు. సీసపు అక్షరాల కాలం నుంచి కంప్యూటరు కంపోజింగు దాకా ముద్రణాలయంలో అదే పని చేసినవారు. ఆయన దగ్గర కూర్చున్న ఆ మధ్యాహ్నం నా చదువులోకెల్లా గొప్ప పూట అని చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. పేజీలుగా విడగొట్టకముందు పొడవాటి కాగితాల మీద తీసే గ్యాలీ ప్రూఫు ఎలా ఉండేదో, ఒకరు మూలప్రతిని పైకి చదువుతుంటే మరొకరు అచ్చు కాగితం మీద వేలు జరుపుకుంటూ ఎలా సరిచూసేవారో ఆయన మాకు చేసి చూపించారు. అర్థం కోసం చదివేవాడి కంటికి తప్పు కనబడదట. తెలిసిన మాట ఎదురవగానే కన్ను దాన్ని పూర్తిగా చూడకుండానే దాటిపోతుంది. అందుకే కొందరు వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి చదివేవారని, అలా చదివితే అర్థం విరిగిపోయి అక్షరం మాత్రమే మిగులుతుందని ఆయన వివరించారు. ముద్రారాక్షసాలు ఎన్ని కళ్లు దాటుకుని అచ్చులోకి వస్తాయో, వాటిలో కొన్ని తన కళ్లను కూడా ఎలా దాటాయో చెబుతున్నప్పుడు ఆయన గొంతులో నిజమైన బాధ ఉండేది. ఎన్నో ఏళ్ల క్రితం నాటి ఒక తప్పును పుస్తకం పేజీతో సహా గుర్తుపెట్టుకుని చెప్పారు.

ఆ తరువాత గుర్తులు నేర్పారు. విడిచిపోయిన అక్షరం చేర్చాలంటే హంసపాదు వేసి, చేర్చవలసినది పేజీ అంచున రాయాలి. తీసివేయవలసిన దాని మీద గీత కొట్టి, అంచున దానికి వేరే గుర్తు వేయాలి. తారుమారైన అక్షరాలకు ఒకటి, కలిసిపోయిన మాటలను విడదీయడానికి మరొకటి. అన్నింటికన్నా నాకు నచ్చిన గుర్తు చివర చెప్పారు. ఒకసారి దిద్దిన మాటను ఆ దిద్దుబాటు వద్దనుకుని మళ్లీ ఉన్నదున్నట్టు ఉంచాలంటే, ఆ మాట కింద వరుసగా చుక్కలు పెట్టి, అంచున 'స్టెట్' అని రాయాలి. కింద చుక్కలున్న మాట జోలికి, అచ్చుకు అక్షరాలు కూర్చే కంపోజిటరు వెళ్లకూడదు. శబ్దమూ, ఒక షాట్‌లో ఉన్నవి తరువాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా చూసే కంటిన్యుటీ బాధ్యతా తీసుకున్న మా స్నేహితురాలు ఆ గుర్తులన్నీ ఒక పుస్తకంలో ముచ్చటగా గీసుకుంది.

పెద్దాయన పాత్ర వేసింది ఆమె తాతగారే. జీవితమంతా లెక్కల పుస్తకాల మధ్య గడిపిన మనిషి. వేదిక ఎక్కింది లేదు, కెమెరా ముందు నిలబడింది లేదు. "నాకు నటన ఎక్కడ వచ్చమ్మా?" అని ఆయన అడిగితే, "నటించవద్దు తాతయ్యా, పేపరు తీసి తప్పులు దిద్దితే చాలు" అని మనవరాలు చెప్పింది. మాస్టారు మాకు పదేపదే చెప్పిన మాటే అది: నటుడు కాని మనిషికి భావం చెప్పకండి, పని చెప్పండి. దుఃఖపడమని అడిగితే ఆయన దుఃఖాన్ని ప్రదర్శించడానికి ప్రయత్నిస్తారు. ఒక వాక్యంలో తప్పు వెతకమని అడిగితే నిజంగా వెతుకుతారు. తాతగారు ఆ మాటను మేము అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువగా మనసుకు పట్టించుకున్నారు. మనవరాలి పుస్తకంలోని గుర్తులన్నీ నేర్చుకుని, చిత్రీకరణకు ముందు చాలా రోజులు ప్రతి ఉదయం తన ఇంటికి వచ్చే పత్రికను నిజంగానే దిద్దారు. మేము కెమెరాతో వెళ్లే సరికి, పాత్రకు ఉండవలసిన అలవాటు ఆ మనిషికే వచ్చేసి ఉంది. పెన్సిలును కాగితానికి ఎంత కోణంలో పట్టుకోవాలో చెప్పే అవసరం మాకు ఎన్నడూ రాలేదు.

చూసేవారికి తెలియని శ్రమ కంటిన్యుటీది. ఆయన ప్రతి టేకులోనూ పత్రిక మీద కొత్త గుర్తులు వేస్తారు కాబట్టి, ఒకే రోజు పత్రిక ప్రతులు చాలా కావలసి వచ్చాయి. ఒక షాట్ చివర పేజీ ఎలా ఉందో, తరువాతి షాట్ మొదట్లోనూ అలాగే ఉండాలి. మా స్నేహితురాలు ప్రతి టేకు తరువాత పేజీని ఫొటో తీసుకుని, కొత్త ప్రతి మీద తాతగారి చేతివాటం అనుకరిస్తూ అవే గుర్తులు అవే చోట వేసేది. పెన్సిలు సంగతి మరీ చిత్రమైనది. చెక్కిన కొద్దీ అది పొట్టిదవుతుంది. మేము దృశ్యాలను కథాక్రమంలో కాకుండా వెలుతురు అనుకూలతను బట్టి తీస్తున్నాము. అందువల్ల ఒకే రకం పెన్సిళ్లను వేర్వేరు పొడవులకు చెక్కి, ఏ దృశ్యానికి ఏది వాడాలో చీటీలు కట్టి ఉంచింది. ఆ పెన్సిళ్ల పెట్టె ఆమె దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. దర్శకత్వం అని నా పేరు పడింది గానీ, ఆ చిత్రానికి నమ్మదగిన తనాన్ని ఇచ్చింది ఆ పెట్టె అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కెమెరా విషయంలో పెద్దగా చెప్పవలసినది లేదు. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు షటరు తెరిచి ఉండేది సెకనులో 50వ వంతు. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపాల మినుకుమినుకు రికార్డు కాకుండా ఉండడానికీ అదే అనువైన వేగం. కిటికీ వెలుతురును నమ్ముకున్నాము. వెలుతురు ఎంత నీలమో ఎంత పసుపో చెప్పే కొలత అయిన రంగు ఉష్ణోగ్రత పగటి వెలుతురుకు 5600 కెల్విన్ల దగ్గర, పాతకాలపు బల్బుకు 2800 దగ్గర ఉంటుందని చదువుకున్నదాన్ని, బల్ల మీద దీపం ఒక పక్క, కిటికీ మరో పక్క ఉన్న ఆ గదిలో కళ్లతో చూసి తెలుసుకున్నాము. ముఖానికి ఒక వైపు చల్లని నీలంగా, మరో వైపు పసుపుగా పడే ఆ వెలుగును కెమెరా మిత్రుడు సరిదిద్దకుండా ఉంచేశాడు. అది అతని నిర్ణయం, చక్కటి నిర్ణయం.

చివరి ఘట్టం తీసేటప్పుడు మాత్రం ఎంతో ఆలోచించాము. ఉత్తరాన్ని మనవరాలి పాత్ర వేసిన సహాధ్యాయిని చేతనే, ఆమె సొంత మాటల్లో రాయించాము. తాతగారికి ముందుగా చూపించలేదు. అందులో ఏముందో, తప్పు ఎక్కడుందో కెమెరా ఎదుటే ఆయనకు తెలియాలని మా కోరిక. అలా కోరుకున్నప్పుడు ఒక చిక్కు ఉంది: ఒక ఉత్తరాన్ని మొదటిసారి చదవడం అన్నది ఒక్కసారే జరుగుతుంది. మా దగ్గర ఉన్నది ఒకే కెమెరా. ముఖానికి దగ్గరగా వెళితే చేయి కనబడదు. ఉత్తరానికి దగ్గరగా వెళితే మనిషి కనబడడు. చాలా తర్జనభర్జన పడి, ఆయనకు పక్కగా, మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా కెమెరా పెట్టి, ముఖమూ చేయీ బల్లా ఒకే చట్రంలో పట్టేలా చూసుకున్నాము. ఉత్తరం వాలుగా, సన్నగా కనిపిస్తుంది. అందులోని అక్షరాలు చదవడానికి వీలుకాదు. ఆ తప్పున్న వాక్యాన్ని మాత్రం ముందే విడిగా దగ్గర నుంచి తీసి పెట్టుకున్నాము. తెర మీద రాతను, తొందరపడకుండా రెండుసార్లు పైకి చదివేంతసేపు ఉంచమని మాస్టారు నేర్పిన పద్ధతి ప్రకారం.

ఫ్యాన్లు ఆపేశాము. క్లాప్ కొట్టారు. తాతగారు కళ్లజోడు సర్దుకుని ఉత్తరం విప్పారు. పెదవులు లేశంగా కదులుతూ చదివారు. సగం దాటాక ఒకచోట చూపు ఆగింది. కుడిచేయి, కళ్లతో సంబంధం లేనట్టుగా, దానంతట అది పెన్సిలు వైపు వెళ్లింది. పెన్సిలు కాగితం మీదికి వచ్చి ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆ గదిలో ఉన్నవారెవరూ చెప్పలేరు. కట్ చెప్పవలసినది నేనే. నేను ఆయన ముఖం నుంచి చూపు తిప్పలేదు. చివరకు ఆయన పెన్సిలు పక్కన పెట్టి, ఉత్తరాన్ని ముందున్న మడతల వెంటే తిరిగి మడిచారు. ఆ టేకు తరువాత మరో టేకు అడగడానికి ఎవరికీ మనసు రాలేదు, అడిగినా అలాంటిది వచ్చేదీ కాదు. అందరినీ కదలకుండా నిలబడమని, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేసింది మా స్నేహితురాలు. ఏ గదికీ మరో గది నిశ్శబ్దం సరిపోదని, రెండు షాట్ల మధ్య అతుకు చెవికి తెలియకుండా ఉండాలంటే ఆ గదిలో తీసుకున్న నిశ్శబ్దమే పరచాలని మాకు అప్పటికి తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి నిలబడిన ఆ నిమిషంలో తాతగారు కూడా మాతోపాటు కళ్లు మూసుకుని కూర్చున్నారు.

ఎడిటింగ్ మొదలయ్యాక అసలు వాదన మొదలైంది. ఎడిటరు మిత్రుడు మాలో అందరికన్నా లయ తెలిసినవాడు. అతను కూర్చిన మొదటి ప్రతిలో పెన్సిలు కాగితం మీదికి వచ్చి నాలుగు సెకన్లు ఆగుతుంది. వెంటనే బయట గేటు దగ్గర సంచి భుజాన వేసుకుని వెళుతున్న అమ్మాయి. దిద్దలేదని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది, అంతకుమించి ఉంచితే మనం వారి చేయి పట్టుకుని నడిపించినట్టు అవుతుందని అతని వాదం. ఆ వాదంలో బలం ఉంది. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగాన్ని అతను ఉదహరించేవాడు: ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ పళ్లెం పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన పెడితే, ప్రేక్షకులు అదే ముఖంలో ఆకలినీ దుఃఖాన్నీ కోరికనూ చూశారన్నది ఆ ప్రయోగం గురించి చెప్పుకునే మాట. ముఖం ఏమీ చెప్పనక్కరలేదు, పక్కన వచ్చే షాటే చెబుతుంది అన్నది అతని నమ్మకం. నాకేమో ఆ షాట్ పూర్తిగా ఉండాలనిపించేది. కానీ ఎందుకు ఉండాలో చెప్పడానికి నా దగ్గర మాటలు ఉండేవి కావు. ఇష్టం అన్నది ఎడిటింగ్ గదిలో చెల్లే కారణం కాదు.

కారణం చెవి ద్వారా దొరికింది. మా స్నేహితురాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ టేకు శబ్దాన్ని శుభ్రం చేస్తోంది. పెన్సిలు కాగితం మీద నడిచే చప్పుడును చిత్రం అంతటికీ మేము విడిగా రికార్డు చేసుకున్నాము. అమెరికాలో జాక్ ఫోలీ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతి అది. పత్రిక కాగితం మెత్తన, పెన్సిలు దాని మీద మందంగా మూలుగుతుంది. గీతల కాగితం మీద చురుగ్గా పలుకుతుంది. కింద చెక్క ఉంటే ఒక రకంగా, పుస్తకం ఉంటే మరో రకంగా వినబడుతుంది. వీటన్నింటికీ అలవాటు పడిన ఆమె చెవికి, ఏ చప్పుడూ ఉండకూడని చోట మూడు చిన్న చప్పుళ్లు వినబడ్డాయి. పెన్సిలు మొన కాగితాన్ని తాకిన చప్పుళ్లు, సమానమైన ఎడంతో. మేము ఆ ఫ్రేములను తెర నిండా పెద్దవి చేసి చూశాము. చాలాసేపు గాలిలో ఆగిన పెన్సిలు మెల్లగా కిందికి దిగి, ఆ మాట అడుగున ఒక చుక్క, దాని పక్కన ఒక చుక్క, ఆ పక్కన మరొకటి పెట్టి పైకి లేస్తోంది. ఉత్తరం కాగితాన్ని తెచ్చి చూశాము. తప్పుగా రాసిన ఆ మాట కింద మూడు చుక్కలు ఉన్నాయి.

అది ఎవరూ చెప్పిన పని కాదు. స్క్రిప్టులో లేదు, రిహార్సల్‌లో లేదు. తాతగారిని అడిగితే ఆయన చాలా మామూలుగా చెప్పారు. "దిద్దబుద్ధి కాలేదు బాబూ. అలాగని ఆ తప్పు నా కంటబడలేదని ఎవరూ అనుకోకూడదు కదా! ఉండనిమ్మని చుక్కలు పెట్టాను." నేను ఆ పాత్రను అర్థం చేసుకున్నదాని కన్నా ఆయన ఎంత లోతుగా అర్థం చేసుకున్నారో ఆ మాటతో తెలిసింది. మా స్క్రిప్టులోని పెద్దాయన ఒక పని చేయకుండా ఊరుకుంటారు. ఆయన పోషించిన పెద్దాయన ఊరుకోలేదు. తన వృత్తి ఇచ్చిన గుర్తుతోనే, తన వృత్తికి విరుద్ధమైన ఒక అనుమతిని రాసి ఇచ్చారు. ఇంతటి తేడాను ఒక మనిషి ఎవరూ గమనించకపోయినా ఫరవాలేదన్నట్టు చేసి, పెన్సిలు పక్కన పెట్టేయడం నన్ను అప్పట్లో చాలా రోజులు కుదిపేసింది.

దాంతో వాదన స్వరూపం మారింది. నాలుగు సెకన్ల దగ్గర కోస్తే పెన్సిలు ఇంకా గాలిలోనే ఉంటుంది. చుక్కలు పెట్టడం పూర్తయ్యే దాకా ఉంచాలంటే 19 సెకన్లు కావాలి. చివరి నిమిషాల్లో, మాటలు లేని చోట, 19 సెకన్లు చాలా పెద్ద కాలం. చుక్కల మీద ఒక క్లోజప్ తీసి మధ్యలో చేర్చుదామన్న ఆలోచన వచ్చింది. ఉత్తరం మా దగ్గరే ఉంది, కష్టమేమీ కాదు. కెమెరా మిత్రుడు వద్దన్నాడు. తాతగారు ఎవరికీ చూపించాలని పెట్టని చుక్కలను మనం వేలు పెట్టి చూపిస్తే అది వేరే చిత్రం అవుతుందన్నాడు. అతనితో ఏకీభవించాను. అయితే నిడివి ప్రశ్న మిగిలే ఉంది. చివరకు దారి చూపించింది ఎడిటరు మిత్రుడే. బయట గేటు దృశ్యానికి వెళ్లకుండా, గేటు శబ్దాన్నే లోపలికి తెచ్చాడు. పెన్సిలు గాలిలో ఆగి ఉండగా వరండాలో చెప్పుల చప్పుడు, మెట్లు దిగిన చప్పుడు, మొదటి చుక్కకు ముందు గేటు గొళ్లెం తీసిన చప్పుడు, మూడో చుక్క తరువాత అది మూసుకున్న చప్పుడు. ఇప్పుడు ఆ 19 సెకన్లలో ప్రేక్షకుడు ఊరికే ఎదురుచూడడు. ఆమె ఎంత దూరం వెళ్లిందో వింటూ ఉంటాడు. పిలిస్తే వినబడే దూరం నుంచి వినబడని దూరానికి ఆమె చేరేంతసేపు షాట్ నడుస్తుంది. షాటుకు నిడివి ఇచ్చింది గడియారం కాదు, ఆ నడక. ఆ రాత్రి ఆ కూర్పును చూసినప్పుడు మేము నలుగురం మాట్లాడుకోలేకపోయాము.

ప్రదర్శన రోజున హాలు నిండింది. ప్రూఫులు నేర్పిన పెద్దమనిషినీ పిలిచాము, తాతగారి పక్కనే కూర్చోబెట్టాము. చిత్రం అయిపోయాక తోటి విద్యార్థుల నుంచి ప్రశ్నలు వచ్చాయి. తప్పు ఆయనకు కనబడిందా లేదా అని ఒకరు, పెన్సిలు వణకడం వృద్ధాప్యం వల్లనా అని మరొకరు అడిగారు. చుక్కల సంగతి హాల్లో ఎవరికీ తెలియలేదు. అది నన్ను నిరుత్సాహపరచలేదు. వారు చూసినదీ తప్పు కాదు. అందరూ లేచి వెళుతున్నప్పుడు ఆ పెద్దమనిషి మాత్రం తాతగారి రెండు చేతులూ పట్టుకుని, "స్టెట్ పెట్టారు కదండీ!" అన్నారు. "మీరు నేర్పినదే కదండీ" అని తాతగారు బదులిచ్చారు. వారిద్దరూ అంతకుముందు కలిసింది లేదు. ఒకరికి తెలిసినది రెండో వారికి మనవరాలి పుస్తకం ద్వారా చేరింది. ఆ తరువాత హాలు తాళం వేసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని ఏవేవో మాట్లాడుకున్నారు.

ఇక వ్యాసం. ఏం చేశారో రాయవద్దు, అది తెర మీద కనిపిస్తుంది. చేయగలిగీ ఏం చేయలేదో, ఎందుకు చేయలేదో రాయండి అన్నది మాస్టారి నియమం. ఆ నియమం నాకెంతో మేలు చేసింది. తీయని క్లోజప్ గురించి రాయడం మొదలుపెట్టి, ఆ చుక్కలు ఎవరివి అన్న చోటికి వచ్చి ఆగాను. చిత్రంలో అతి ముఖ్యమైన చర్యను దర్శకుడు చెప్పలేదు, రచయిత రాయలేదు, ఎడిటరు మొదట కోసేశాడు, కెమెరా దాన్ని ఎరగకుండానే పట్టుకుంది. అయినా అది యాదృచ్ఛికం కాదు. ఆ మధ్యాహ్నం ముద్రణాలయపు పెద్దమనిషి దగ్గర కూర్చోకపోతే ఆ గుర్తు లేదు. స్నేహితురాలు దాన్ని పుస్తకంలో గీసి ఇవ్వకపోతే తాతగారికి చేరేది లేదు. ఆయనకు భావం కాకుండా పని అప్పగించకపోతే ఆ చేతికి ఆ స్వేచ్ఛ లేదు. చేయీ ముఖమూ కలిపి పట్టే చోట కెమెరా పెట్టకపోతే అది రికార్డయ్యేది కాదు. జట్టుగా పనిచేయడం అంటే పనులు పంచుకోవడం అని అంతవరకూ అనుకునేవాణ్ణో, లేక ఏమీ అనుకోలేదో చెప్పలేను గానీ, ఒకరు చేసిన ఏర్పాటులో మరొకరికి తెలియని చోటు మిగలడం కూడా అందులో భాగమేనని ఆ వ్యాసం రాస్తూ గ్రహించాను. మాస్టారు ఆ పేరా పక్కన అంచున ఏమీ రాయలేదు. నిలువుగా ఒక గీత మాత్రం గీశారు. ఆ గీత కోసం వ్యాసాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

అప్పటి ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవడం లేదు. మా దగ్గర తిరుగుతున్న ప్రతి బాగా కుదించి దాచినది. ఫైలు పరిమాణం తగ్గించేటప్పుడు మొదట పోయేవి సన్నని వివరాలే కాబట్టి, అందులో ఆ చుక్కలు కాగితపు తెలుపులో కలిసిపోయాయి. శబ్దం మాత్రం ఉంది. ఎడిటరు మిత్రుడు అసలు ఫుటేజీని ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు మార్చుకుంటూ ఇన్నేళ్లూ కాపాడాడు. ఈ ఏడాది దాన్ని తీసి, పాత కూర్పును ఫ్రేము ఫ్రేముకూ సరిచూసుకుంటూ పూర్తి నాణ్యతతో కొత్త ప్రతి తయారుచేశాడు. అది పంపిన రోజు రాత్రి నలుగురం ఫోనులో కలుసుకుని చూశాము. చుక్కలు మూడూ స్పష్టంగా ఉన్నాయి. చూడడం పూర్తయ్యాక అతను, గేటు మూసుకున్న తరువాత మనం ఇంకో ఒకటిన్నర సెకను ఎక్కువ ఉంచామని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చుక్కలు పెట్టిన చేయి వెనక్కి వచ్చి బల్ల మీద ఆనడానికి ఆ ఒకటిన్నర సెకను కావాలని చెప్పాను. మా స్నేహితురాలు నా పక్షం, కెమెరా మిత్రుడు అతని పక్షం. వాదన ఇంకా తెగలేదు.